ఒక పళ్ళెం జొన్నలు
(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక రిటైర్డ్ సోషల్ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చాప మీద కూర్చున్న పిల్లలూ, మీకూ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు గోడ పక్కనున్న కుర్చీలు లాక్కుని కూర్చోండి, కాస్త టైం పడుతుంది.

వారం కిందట లైబ్రేరియన్ గారు ఫోన్ చేశారు. "మేడం, ఒకరోజు మీరు మాట్లాడాలి. మనిషిలో మంచితనం, క్రూరత్వం రెండూ ఎలా ఇముడుతాయో చెప్పండి" అన్నారు. ఒప్పుకున్నాను. ఫోన్ పెట్టేశాక భయమేసింది. ముప్పైరెండేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. యుద్ధాలు చెప్పాను, కరువులు చెప్పాను, రాజుల వంశవృక్షాలు బోర్డు మీద గీశాను. "ఇంత ఘోరం మనుషులు ఎట్లా చేయగలిగారు మేడం?" అని ఏ పిల్లో అడిగినప్పుడల్లా "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అని తప్పించుకున్నాను. ఇవాళ తప్పించుకోదలచుకోలేదు.

ఈ స్టీలు పళ్ళెం అందరికీ కనబడుతోందా? ఇందులో ఉన్నవి జొన్నలు. పొద్దున కిరాణా కొట్లో తూకం వేయించి తెచ్చాను. సరిగ్గా 450 గ్రాములు. పక్కన రెండు చిన్న పొట్లాలు కూడా ఉన్నాయి, వాటి సంగతి చివర్లో. నేను మాట్లాడినంతసేపూ ఈ పళ్ళెం ఇక్కడే ఉంటుంది.

మంచివాళ్ళు ఒక రకం, చెడ్డవాళ్ళు ఇంకో రకం అనుకుంటే మనకు ప్రాణం హాయిగా ఉంటుంది. కథల్లో రాక్షసుడికి కోరలుంటాయి, చూడగానే గుర్తుపట్టొచ్చు. నన్ను ఏళ్ళ తరబడి వేధించింది మాత్రం ఒకే మనిషి రెండు పనులూ చేయడం. అలాంటి మనిషి ఒకడి గురించి ముందు చెబుతాను. మన జిల్లాల చరిత్రలో ఆయన పాత్ర చాలా పెద్దది. పేరు సర్ రిచర్డ్ టెంపుల్. కంపెనీ రోజుల నుంచి ఈ దేశంలో ఉద్యోగం చేసిన తెల్లదొర.

1873లో బీహార్‌లో వానలు ముఖం చాటేశాయి. అప్పుడు బీహార్ బెంగాల్‌లో భాగం. అక్కడి కరువు పనులు టెంపుల్ చేతికి వచ్చాయి. 1874లో ఆయనే బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యాడు. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1866లో, పక్కనున్న ఒరిస్సాలో కరువొచ్చింది. ప్రభుత్వం సమయానికి బియ్యం తెప్పించలేదు. దాదాపు పది లక్షల మంది చనిపోయారు. ఒరిస్సా జనంలో మూడో వంతు అన్నమాట. టెంపుల్‌కు అదంతా తెలుసు. బీహార్‌లో అలా జరగనివ్వకూడదనుకున్నాడు. బర్మా నుంచి నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు. పని చేయగలవాళ్ళకు పని ఇప్పించాడు, చేయలేనివాళ్ళకు ఊరికే గింజలు ఇప్పించాడు. ఆకలి చావులు దాదాపు లేకుండానే ఆ కరువు గడిచిపోయింది. బ్రిటిష్ పాలనలో వచ్చిన కరువుల్లో అలా గడిచినవి చాలా అరుదు. ఆ మనిషికి ఆ గౌరవం ఇచ్చి తీరాలి.

మరి ఆయనకు దక్కిందేమిటి? చీవాట్లు. ఇంత డబ్బు తగలేస్తావా అన్నారు. తెప్పించిన బియ్యంలో లక్ష టన్నుల దాకా ఖర్చు కాకుండా మిగిలిపోయింది, ఆ మిగులును చూపించి మరీ దుబారా అన్నారు. లండన్ పత్రికలు ఏకిపారేశాయి. జనానికి సోమరితనం నేర్పుతున్నావన్నారు. ఎంతమంది బతికారన్న లెక్క ఎవరికీ పట్టలేదు, ఎంత మిగిలిందన్న లెక్కే పట్టింది.

మూడేళ్ళు గడిచాయి. 1876లో మన వైపు వానలు పోయాయి. అది ధాత నామ సంవత్సరం. అందుకే మన పెద్దవాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు, బొంబాయి వైపు దక్కను, అంతా ఎండిపోయింది. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు మరీ ఘోరంగా దెబ్బతిన్నాయి.

మా అవ్వకు ఆ కరువు ఆమె అవ్వ చెప్పగా తెలుసు. నా చిన్నప్పుడు మా అవ్వ తిరగలి ముందు కూర్చుని జొన్నలు విసిరేది. విసరడం అయిపోయాక లేవదు. చూపుడు వేలు నాలుకకు అద్దుకుని, తిరగలి చుట్టూ చెదిరిన గింజల్ని ఒక్కొక్కటే వేలికి అంటించి తీసి పళ్ళెంలో వేసేది. గచ్చు పగుళ్ళలో ఇరుక్కున్నదాన్ని చీపురు పుల్లతో గీకి తీసేది. "ఒక్క గింజకు ఇంతసేపా అవ్వా?" అంటే, "ధాతలో ఒక్క గింజ కోసం చీమల పుట్టలు తవ్వినారంట" అనేది. చింతపిక్కలు వేయించి పొట్టు తీసి ఉడకేసుకున్నారట, నాగజెముడు కాయలు ముళ్ళు కాల్చి తిన్నారట. కంచంలో ముద్ద వదిలితే ఆమె నోటి నుంచి వచ్చే తిట్టు ఒకటే: "ధాత రావాల మీకు." ఇంతకంటే పెద్ద తిట్టు ఆమె దగ్గర లేదు.

1877 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. విక్టోరియా రాణిని హిందూదేశ చక్రవర్తినిగా ప్రకటించారు. రాజులు, నవాబులు, ఏనుగులు, తుపాకుల వందనం. నడిపించినవాడు వైస్రాయ్ లిట్టన్. ఈ లిట్టన్ కవి కూడా. ఓవెన్ మెరెడిత్ అనే కలం పేరుతో కవితా సంపుటాలు వేశాడు. చదువు, సాహిత్యం మనిషిని మెత్తబరుస్తాయని నేను పాతికేళ్ళు పిల్లలకు చెప్పాను. ఈ మనిషి గురించి తెలిశాక ఆ మాట అంత ధీమాగా అనలేకపోయాను. ధాన్యం ధరల జోలికి ప్రభుత్వం పోకూడదని లిట్టన్ పట్టు. ఇక్కడ జనం చస్తుంటే దేశం నుంచి ధాన్యం ఓడల్లో బయటికి పోతూనే ఉంది. మద్రాసులో కరువు ఖర్చు ఎక్కువైపోతోందని, దాన్ని అదుపు చేయడానికి ఆయన పంపిన మనిషి ఎవరు? రిచర్డ్ టెంపుల్.

బీహార్‌ను బతికించిన టెంపుల్ మన దగ్గరికి వచ్చాడు. వచ్చి చేసిన పని ఈ పళ్ళెంలో ఉంది. కరువు పనుల్లో రోజంతా రాళ్ళు కొట్టి, మట్టి మోసిన మగమనిషికి కూలి ఒక పౌను గింజలు, ఒక అణా. ఆడమనిషికి, పని చేసే పిల్లలకు ఇంకా తక్కువ. దానికి చరిత్రలో 'టెంపుల్ కూలి' అని పేరే పడిపోయింది. ఒక పౌను అంటే దాదాపు ఈ 450 గ్రాములు.

మీలో కొందరు మనసులో అనుకుంటూ ఉంటారు, నాకు తెలుసు. "ఇన్ని జొన్నలా? మా ఇంట్లో రోజుకు ఇన్ని తినం" అని. మా అబ్బాయి కూడా పొద్దున అదే అన్నాడు. ఆగండి. వీటిని దంచి, చెరిగి, విసిరితే ఏడెనిమిది రొట్టెల పిండి వస్తుంది. మనం రెండు రొట్టెలు తిని లేస్తాం, నిజమే. మనకు పక్కన పప్పుంటుంది, కూరుంటుంది, మజ్జిగుంటుంది, నూనె ఉంటుంది. మధ్యలో టీ తాగుతాం. రోజంతా ఫ్యాను కింద కూర్చుంటాం. వాళ్ళు పనికి చేరేటప్పటికే నెలల తరబడి పస్తులున్నవాళ్ళు. ఇల్లు వదిలి దూరపు క్యాంపులకు పోయినవాళ్ళు. నీడ లేకుండా, ఎండలో, పొద్దు గూకేదాకా పని. ఉప్పు కొనాలన్నా, మిరపకాయ కొనాలన్నా, బిడ్డకు గుడ్డ కొనాలన్నా ఆ ఒక్క అణాలోనే. ఆ ధరల్లో అణాకు ఏమొస్తుంది? గింజల్లో మట్టీ, పొట్టూ పోగా మిగిలేది ఎంత? ఆ కూలితో మనిషి ఎన్నాళ్ళు నిలబడతాడో చూద్దామన్నట్టు అదొక పరీక్షగా పెట్టారు. పరీక్ష ఎవరి మీద జరిగిందో వాళ్ళ పేర్లు ఎక్కడా రాసి లేవు.

ఆ కరువులో దేశం మొత్తం మీద యాభై లక్షలకు పైగా చనిపోయారని తక్కువలో తక్కువ లెక్క. 1871 జనాభా లెక్కలకు, 1881 జనాభా లెక్కలకు మధ్య మన కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. పెరగాల్సింది పోయి తగ్గారు. ఈ గదిలో ఉన్నవాళ్ళను నాలుగు వరసలు చేసి, ఒక వరసను లేపి బయటికి పంపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈసారి టెంపుల్‌ను పైవాళ్ళెవరూ తిట్టలేదు. ఆ ఏడాదే బొంబాయి గవర్నర్ అయ్యాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. ఇదంతా తెల్లవాళ్ళ క్రూరత్వం, మనవాళ్ళ బాధ అని ఎవరైనా అనుకుంటే చరిత్రకు అన్యాయం చేసినట్టే. ధర ఇంకా పెరుగుతుందని పాతరల్లో గింజలు దాచిన షావుకార్లు మనవాళ్ళే. అటు, టెంపుల్ కూలి అమల్లోకి వచ్చిన ఏడాదే, 1877లో, లండన్ నగర మేయర్ మాన్షన్ హౌస్‌లో మన కరువు కోసం చందాల నిధి తెరిచాడు. లక్షల పౌన్లు పోగయ్యాయి. మనల్ని ఎన్నడూ చూడనివాళ్ళు, చూడబోనివాళ్ళు కూడా ఇచ్చారు. ఆ డబ్బుతో ఇక్కడి రైతులకు ఎద్దులు కొనిచ్చారు, విత్తనాలిచ్చారు, కూలిపోయిన గుడిసెలకు కప్పు వేయించారు. ఒకే దేశం, ఒకే సంవత్సరం.

ఇంకో సంగతి. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారి పేరు ఇక్కడ పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆయన మీద జానపదులు పాట కట్టి పాడుకున్నారు. ధాతకు పదేళ్ళ ముందు, 1866 కరువులో, ఆయన ఇంటి ముందు పొయ్యిలు ఆరలేదు. వేలమందికి అన్నం పెట్టాడు. ఆయన దాతృత్వం విని విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టినందుకు ఆ రాణి పతకమిచ్చింది. పదేళ్ళ తర్వాత అదే రాణి పేరు మీద నడిచే ప్రభుత్వం అదే నేలమీద ఈ 450 గ్రాములు కొలిచింది.

ఇది నూటయాభై ఏళ్ళ కిందటి మాట, ఇప్పుడు మనం మారాం అనుకోవచ్చు. ఐదారేళ్ళ కిందట ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 22, ఆదివారం, సాయంత్రం ఐదు గంటలు. డాక్టర్లకు, నర్సులకు కృతజ్ఞతగా దేశమంతా చప్పట్లు కొట్టింది. నేను కూడా మిద్దె మీద నిలబడి గంట వాయించాను. నా పక్కింటావిడ ఏడ్చేసింది కూడా. సరిగ్గా నాలుగు వారాలకు, ఏప్రిల్ 19 రాత్రి, చెన్నైలో ఒక న్యూరోసర్జన్ కరోనాతో చనిపోయారు. ఆయన్ను పూడ్చడానికి తీసుకెళ్తే జనం గుంపుగా వచ్చి అడ్డుకున్నారు. శవం నుంచి రోగం అంటుకుంటుందని పుకారు. ఇంకో శ్మశానానికి తీసుకెళ్ళారు. అక్కడ రాళ్ళు, కర్రలు. అంబులెన్స్ అద్దాలు పగిలాయి, డ్రైవర్లకు దెబ్బలు తగిలాయి. ఆయన భార్య, కొడుకు చివరి చూపు కూడా సరిగ్గా చూడకుండా పారిపోవాల్సి వచ్చింది. ఆ రాళ్ళు విసిరినవాళ్ళలో నాలుగు వారాల కిందట గంట వాయించినవాళ్ళు లేరని నేను చెప్పలేను.

ఆ రాత్రి ఏం జరిగిందో కూడా వినండి. ఆయన తోటి డాక్టర్ ఒకరు ఆ పగిలిన అంబులెన్స్‌ను తానే నడుపుకుంటూ మళ్ళీ శ్మశానానికి వెళ్ళారు. తోడు ఇద్దరు ఆస్పత్రి వార్డు బాయ్‌లు. అర్ధరాత్రి, పీపీఈ కిట్లతో. ఉన్న ఒక్క పారతో, చేతులతో మట్టి తోసి గుంత పూడ్చారు. మళ్ళీ ఎవరైనా వచ్చి కొడతారేమోనన్న టెన్షన్‌తోనే ఆ పని చేశారు. ఏడాది తర్వాత హైకోర్టు అనుమతితో కుటుంబం కోరిన శ్మశానానికి ఆయన్ను మార్చారు. ఆ రోజుల్లోనే మన తిరుపతిలో ముస్లిం యువకులు కొందరు, సొంతవాళ్ళే ముట్టుకోని వందల శవాలకు, ఏ మతం వాళ్ళకు ఆ మతం పద్ధతిలో అంత్యక్రియలు చేశారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది నేను సభలో ఎప్పుడూ చెప్పలేదు.

1990లో నేనొక పల్లెటూరి హైస్కూల్లో పనిచేసేదాన్ని. బుడ్డలు, అంటే వేరుశనగ, పెరికే కాలంలో పిల్లలు ఆలస్యంగా వస్తారు. పొలానికి పోయి, అక్కడి నుంచే బడికి వస్తారు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని. ఫస్ట్ పీరియడ్ సగంలో వచ్చినా హాజరు వేసేదాన్ని. స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టరు అందరి ముందూ అన్నారు: "మీ మంచితనం వల్ల బడి మొత్తం చెడిపోతోంది. మీరు జాలి పడితే మేం ఎందుకు కఠినంగా ఉండాలి?" తోటివాళ్ళు కొందరు నవ్వారు. తల వంచుకుని కూర్చున్నాను. ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగేళ్ళు.

మరుసటి ఏడు, అదే కాలం. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు వరసగా మూడో రోజు ఆలస్యంగా వచ్చాడు. వరండాలో గోడకుర్చీ వేయించాను. ఒక పీరియడ్. రెండో పీరియడ్ కూడా. వాడు జారిపోతుంటే రెండు అరచేతులూ గోడకు ఆనించి నిలదొక్కుకున్నాడు. అప్పుడు చూశాను ఆ చేతులు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చిట్లి ఉంది, గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి తల్లితో పాటు బుడ్డలు పెరికి వచ్చాడు, తల్లికి పూర్తి కూలి దక్కాలని. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ వేయించాను. లే అనలేదు.

హెడ్మాస్టరు అటుగా పోతూ చూశారు. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో "ఇప్పుడు టీచర్‌లా ఉన్నారు" అన్నారు. ఆ మాటకు నాకు ఎంత సంతోషం కలిగిందో! సాయంత్రం ఇంటికి పోయి మా ఆయనకు చెప్పాను కూడా. పిల్లాడి చేతుల గురించి చెప్పలేదు, హెడ్మాస్టరు మెచ్చుకున్నారని చెప్పాను. నేను సిగ్గుపడేది గోడకుర్చీకంటే ఆ సంతోషానికే.

దసరా సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. చాలా ఏళ్ళకు ఒక బస్టాండులో జామకాయల బండి దగ్గర "బాగుండారా మేడం?" అని వినిపించింది. గొంతు గుర్తుపట్టలేదు, నవ్వు గుర్తుపట్టాను. నాలుగు కాయలు ఏరి, కడిగి, కోసి, ఉప్పూ కారం చల్లి కాగితంలో పెట్టి ఇచ్చాడు. డబ్బులు ఎంత బలవంతం చేసినా తీసుకోలేదు. గోడకుర్చీ గుర్తుందా అని అడగాలనుకున్నాను. నోరు పెగల్లేదు. బస్సొచ్చేసింది.

అందుకే టెంపుల్ కథ చదివినప్పుడల్లా నాకు ఆ స్టాఫ్‌రూమ్ గుర్తొస్తుంది. ఆయన చేసిన దానికీ నేను చేసిన దానికీ పోలిక లేదు, లక్షల ప్రాణాలు వేరు. దారి మాత్రం ఒకటే. దయ చూపినప్పుడు నలుగురూ నవ్వారు. కఠినంగా ఉన్నప్పుడు నలుగురూ మెచ్చుకున్నారు. నలుగురిలో తలెత్తుకుని తిరగాలన్న చిన్న కోరిక మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో నేను స్వయంగా చూశాను. క్రూరత్వానికి మూలం పగ అనీ, కోపం అనీ అంటారు. నాకు ఆ పిల్లాడి మీద ఏ కోపమూ లేదు. టెంపుల్‌కు కర్నూలు కూలివాళ్ళ మీద ఏ పగా లేదు.

1961లో అమెరికాలో, యేల్ యూనివర్సిటీలో, స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. డిగ్రీలో సైకాలజీ చదివిన పిల్లలకు తెలిసే ఉంటుంది. మామూలు మనుషుల్ని పిలిచి ఒక యంత్రం ముందు కూర్చోబెట్టారు. పక్క గదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా స్విచ్ నొక్కి షాక్ ఇవ్వాలి, ప్రతిసారీ కొంత పెంచాలి. నిజానికి షాక్ ఏమీ లేదు, అటువైపు మనిషి నటుడు. స్విచ్ నొక్కేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఆపేస్తానంటే, బూడిదరంగు కోటు వేసుకున్నాయన "కొనసాగించండి" అంటాడు, అంతే. నలభై మందిలో ఇరవైఆరుగురు ఆఖరి స్విచ్ దాకా వెళ్ళారు. ఆఖరి స్విచ్ మీద రాసి ఉన్నది 450 వోల్టులు. ఈ పళ్ళెంలో గ్రాములూ అంతే కావడం కాకతాళీయమే. ఇంకో సంగతి నన్ను కుదిపేసింది. ఆ ప్రయోగంలో స్విచ్ నొక్కే మనిషికి పెట్టిన పేరు 'టీచర్'.

ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. తర్వాత ఆయన చేసిన ఇంకో ప్రయోగం గురించి తక్కువ వింటాం. అందులో యంత్రం ముందు ఒక్కరే కాకుండా ముగ్గుర్ని కూర్చోబెట్టారు. మిగతా ఇద్దరూ ఆయన మనుషులే. మధ్యలో ఒకరు "ఇక నేను చేయను" అని లేచి వెళ్ళి దూరంగా కూర్చుంటారు. కాసేపటికి రెండో ఆయన కూడా. అప్పుడు మూడో మనిషి, మామూలు మనిషి, ఏం చేశాడు? నలభై మందిలో ఆఖరి స్విచ్ దాకా వెళ్ళింది నలుగురే. మనుషులు అలాంటివాళ్ళే, కోటు వేసుకున్నాయన మాటా అదే. పక్కన ఇద్దరు కాదన్నారు, అంతే తేడా.

ఆ రోజు వరండాలో నా పక్క టీచర్ ఒక్కరు వచ్చి "పిల్లాణ్ణి లేపండి మేడం" అని ఉంటే లేపేదాన్ని. నాకు తెలుసు, లేపేదాన్ని. ఆమెను తప్పుపట్టడం లేదు. ఆమె వరండాలో గోడకుర్చీలు పడ్డప్పుడు నేనూ అనలేదు.

చెన్నైలో అర్ధరాత్రి మట్టి తోసిన ఆ వార్డు బాయ్‌లు మాత్రం నా లెక్కకు లొంగరు. వాళ్ళను మెచ్చుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. వెళ్ళనంటే తిట్టేవాళ్ళూ లేరు. జీతం పెరగదు, పేపర్లో పేరు రాదు. అయినా వెళ్ళారు. అలాంటివాళ్ళు ఉన్నారని తెలుసుకోవడం నాకు చాలు. మనలాంటి మామూలు వాళ్ళ సంగతికి వస్తాను.

ధాత కరువులో మద్రాసు ప్రభుత్వంలో శానిటరీ కమిషనర్‌గా, అంటే ప్రజారోగ్యం చూసే అధికారిగా, డాక్టర్ విలియం కార్నిష్ ఉండేవాడు. ఆయనా తెల్లదొరే, ఆయనా జీతం తీసుకునే ఉద్యోగే, టెంపుల్ వైస్రాయ్ పంపిన మనిషి. అయినా కార్నిష్ ఈ కూలి చాలదు అన్నాడు. లోపల అనుకోవడం కాదు, కాగితం మీద రాశాడు. పని చేసే మనిషికి కనీసం ఒకటిన్నర పౌన్ల గింజలు కావాలి, అంటే 680 గ్రాములు. దాంతో పాటు కూరగాయలు, కండ పట్టే తిండి కావాలి అని వాదించాడు. టెంపుల్ ఒప్పుకోలేదు. ఈయన ఊరుకోలేదు. క్యాంపుల్లో చావుల లెక్కలు ముందు పెట్టాడు. ఖర్చు తగ్గించినవాడికి పదవులు వచ్చే రోజుల్లో, ఖర్చు పెంచమని అడిగాడు.

1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొంత దిగొచ్చింది. కార్నిష్ అడిగినంతా ఇవ్వలేదు, సగం దారి వచ్చింది. గింజలు 570 గ్రాములు, వాటికి తోడు 43 గ్రాముల పప్పు. చాలా ఆలస్యంగా వచ్చింది, చాలామందికి అందనే లేదు. దాన్ని విజయం అని నేను అనను. కానీ ఆ మార్చి నెల తర్వాత ఏదో ఒక క్యాంపులో, ఎవరో ఒక తల్లి ఆ పప్పు ఉడికించి ఉంటుంది కదా. ఆమె బతికి ఉంటుంది, ఆమె పిల్లలు బతికి ఉంటారు. వాళ్ళ మనవళ్ళ మనవళ్ళు ఈ గదిలో కూర్చుని ఉండొచ్చు.

ఇప్పుడు ఈ పొట్లాలు. ముందు వరసలో రెండు జడల పాపా, ఇటు రామ్మా. భయం లేదు, రా. ఈ పళ్ళెం పట్టుకో, రెండు చేతులతో. బరువు తెలుస్తోందా? సరే. ఈ పొట్లంలో 120 గ్రాముల జొన్నలున్నాయి, పోస్తున్నాను చూడు. ఈ చిన్నదాంట్లో కందిపప్పు, 43 గ్రాములు. పక్కగా పోస్తున్నాను, కలిసిపోకుండా.

ఇప్పుడు పట్టుకుని చూడమ్మా. పళ్ళెం తీసుకెళ్ళి వరసగా అందరి చేతికీ ఇవ్వు. మెల్లగా, గింజ కింద పడకుండా.